చీకటి గదిలో వెలుగును పరీక్షించిన ఇబ్నుల్ హైసమ్

వస్తువులు మన కంటికి ఎలా కనిపిస్తాయి? బడికి వెళ్ళే పిల్లవాడిని అడిగినా, వస్తువు మీద పడిన వెలుగు తిరిగి మన కంట్లోకి వస్తుంది కాబట్టి కనిపిస్తుందని ఠక్కున చెప్పేస్తాడు. కాని వెయ్యేళ్ళ కిందట ఈ జవాబు అంత తేలికగా దొరకలేదు. కంటిలో నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని మహా పండితులు సైతం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని ప్రయోగాలతో, గణితంతో తోసిపుచ్చిన మహనీయుడు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. యూరపు వారు ఆయన్ని అల్హాజెన్ అని పిలుచుకున్నారు. ఆయన జీవితాన్ని, ఆయన చేసిన పనిని, చేయకపోయినా ఆయన పేరిట చెలామణీ అవుతున్న కొన్ని సంగతులను ఈ వారం మనం తెలుసుకుందాం.

ఇబ్నుల్ హైసమ్ క్రీ.శ. 965 ప్రాంతంలో, అంటే హిజ్రీ 354లో, ఇరాక్‌లోని బస్రా నగరంలో జన్మించారు. అప్పటికే గ్రీకుల గణిత, వైద్య, ఖగోళ గ్రంథాలు బగ్దాదులో అరబ్బీలోకి అనువాదమై ఉన్నాయి. యూక్లిడ్ రేఖాగణితం, టోలెమీ ఖగోళ శాస్త్రం, గాలెన్ వైద్యం చదవని పండితుడు ఉండేవాడు కాదు. ఇబ్నుల్ హైసమ్ కూడా వాటిని ఆపోసన పట్టారు. అయితే చదివిన ప్రతిదాన్నీ తలవంచి ఒప్పుకునే స్వభావం ఆయనది కాదు.

ఆయన కీర్తి ఈజిప్టు దాకా పాకింది. అప్పుడు కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ పరిపాలన సాగుతోంది. 996 నుంచి 1021 వరకు ఏలిన ఈయన ఒకవైపు విద్యాపోషకుడు, మరోవైపు ఎప్పుడు ఎవరి మీద ఆగ్రహిస్తాడో తెలియని ప్రభువు. నైలు నది ఒక ఏడు పొంగి ఊళ్ళు ముంచుతుంది, మరో ఏడు ఎండి కరవు తెస్తుంది. ఆ నదికి కట్టడి చేయవచ్చని ఇబ్నుల్ హైసమ్ అన్నట్టు విన్న ఖలీఫా ఆయన్ని పిలిపించి, మనుషుల్ని ఇచ్చి పంపాడని రెండు శతాబ్దాల తర్వాత జీవితచరిత్ర రాసిన ఇబ్నుల్ ఖిఫ్తీ తెలిపారు.

ఇబ్నుల్ హైసమ్ నది వెంట దక్షిణంగా అస్వాన్ దాకా వెళ్ళారు. దారి పొడవునా ప్రాచీన ఈజిప్టువారి కట్టడాలను చూశారు. ఇంతటి నేర్పుగలవారికి నదిని ఆపడం సాధ్యమై ఉంటే ఎప్పుడో ఆపేవారు కదా అన్న ఆలోచన ఆయనకు కలిగింది. అక్కడి నేలను, నీటి వాలును పరిశీలించాక తన పథకం పనికిరాదని గ్రహించి, తిరిగివచ్చి ఖలీఫాకు ఆ మాటే చెప్పారు. అస్వాన్ దగ్గర భారీ ఆనకట్ట పూర్తయింది 1970లో అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఖలీఫా ఆయనకు ఒక ఉద్యోగం ఇచ్చాడు. కాని ఆ కొలువులో ప్రాణభయం వెంటాడింది. పిచ్చిపట్టినట్టు నటించి, ఇంట్లోనే నిర్బంధంలో ఉండిపోయారనీ, 1021లో ఖలీఫా మరణించాకే బయటికి వచ్చారనీ అదే చరిత్రకారుడు రాశారు. ఇబ్ను అబీ ఉసైబియా అనే మరో రచయిత ఇంకో కథ కూడా చెప్పారు. దాని ప్రకారం ఆయన పిచ్చి నటించింది కైరోలో కాదు, స్వస్థలంలో, ఉద్యోగం వదిలించుకుని చదువుకు అంకితం కావడానికి. ఏది నిజమైనా, పదవి కన్నా పరిశోధనే ఆయనకు ప్రియమైనదని రెండు కథలూ చెబుతున్నాయి. తర్వాతి కాలంలో ఆయన అల్ అజ్హర్ మసీదు సమీపంలో నివసిస్తూ, ఏటా యూక్లిడ్, టోలెమీ గ్రంథాలకు ప్రతులు రాసి అమ్ముకుని, ఆ 150 దీనార్లతోనే ఏడాది గడుపుకునేవారట. తొంభైకి పైగా రచనలు ఆయన పేరిట లెక్కకు వచ్చాయి. వాటిలో తలమానికం 'కితాబుల్ మనాజిర్' అనే ఏడు భాగాల గ్రంథం.

చూపు గురించి అప్పటికి రెండు పక్షాలుండేవి. యూక్లిడ్, టోలెమీల పక్షం కంటిలో నుంచి కిరణాలు వెళతాయని చెప్పేది. అరిస్టాటిల్ పక్షం, కంటిలో నుంచి ఏమీ వెళ్ళదు, బయటి నుంచే కంటికి ఏదో చేరుతుందని చెప్పేది. మొదటివారి దగ్గర రేఖాగణితం ఉంది, రెండోవారి దగ్గర అది లేదు. సూర్యుడి వంక చూస్తే కన్ను ఎందుకు మండుతుంది, వెలుగును తేరిపార చూసి కళ్ళు మూసుకున్నా దాని ఛాయ కొంతసేపు ఎందుకు నిలుస్తుంది అని ఇబ్నుల్ హైసమ్ ప్రశ్నించారు. బయటి వెలుగు కంటి మీద పనిచేస్తోందనడానికి ఇవే రుజువులన్నారు. ఆపై మొదటి పక్షం రేఖాగణితాన్ని తీసుకుని, కిరణాల దిశను మాత్రం తిప్పేశారు. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ వెలుగు అన్ని వైపులకూ తిన్నని గీతలుగా వెళుతుంది, అందులో కొంత కంటిని చేరుతుంది అని నిరూపించారు.

మాటతో సరిపెట్టక ఆయన ప్రయోగానికి దిగారు. ఒక చీకటి చోటికి చిన్న రంధ్రం ఒక్కటే ఉంచి, దాని అవతల వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు పెట్టారు. ఎన్ని దీపాలుంటే ఇవతలి గోడ మీద అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపానికి అడ్డం పెడితే, రంధ్రం మీదుగా దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే మాయమైంది. అడ్డు తీస్తే అదే చోట మళ్ళీ వచ్చింది. అంటే దీపాల వెలుగులన్నీ ఆ ఇరుకు రంధ్రంలో కలిసినా ఒకదానిలో ఒకటి కరిగిపోలేదు. దేని దారిన అది సాగిపోయింది.

రంధ్రం మీద ఆయనకున్న ఆసక్తి అంతటితో ఆగలేదు. సూర్యగ్రహణం మీద ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. గ్రహణవేళ మనం చేసే నమాజుకున్న 'కుసూఫ్' అన్న పేరే ఆ గ్రంథం పేరులోనూ ఉంది. పాక్షిక గ్రహణ సమయంలో చిన్న రంధ్రం గుండా వచ్చిన ఎండ గోడ మీద నెలవంకలా పడుతుంది. రంధ్రం పెద్దదైతే మాత్రం గుండ్రంగానే పడుతుంది. గ్రహణంనాడు చెట్ల ఆకుల సందుల్లోంచి నేల మీద పడిన నెలవంకలను చూసినవారు మన పాఠకుల్లోనూ ఉంటారు. సూర్యబింబంలోని ప్రతి బిందువూ రంధ్రం ఆకారంలో ఒక్కొక్క మచ్చ వేస్తుంది. రంధ్రం పెద్దదైతే ఆ మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి వంక ఆకారాన్ని చెరిపేస్తాయి. దీన్ని ఆయన లెక్కకట్టి చూపారు.

మరి రంధ్రాన్ని ఇంకా ఇంకా చిన్నది చేస్తూ పోతే? బొమ్మ మరింత స్పష్టం కావాలి. కొంతవరకు అలాగే జరుగుతుంది. కాని ఒక హద్దు దాటాక బొమ్మ మళ్ళీ మసకబారుతుంది. గోడ ఒక అడుగు దూరంలో ఉంటే ఆ హద్దు మిల్లీమీటరులో ముప్పాతిక వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. వెలుగు తిన్నగానే పోతుందనుకుంటే ఇలా జరగకూడదు. ఇక్కడి నుంచి కథ ఇటలీకి మారుతుంది.

బొలోన్యా నగరంలోని గ్రిమాల్డి అనే క్రైస్తవ మతాచార్యుడు, సన్నని రంధ్రం గుండా వచ్చిన వెలుగు తిన్నని గీతల హద్దు దాటి పక్కలకు విస్తరిస్తోందని గమనించారు. ఆయన మరణించాక 1665లో వెలువడిన గ్రంథంలో దీనికి పేరు పెట్టారు. మన పాఠ్యపుస్తకాలు దానినే వివర్తనం అంటాయి. ఇది అన్ని తరంగాలకూ ఉన్న గుణం. సందు మలుపు తిరిగాక మసీదు కనబడకపోయినా అజాన్ మనకు వినిపిస్తుంది. శబ్దతరంగం పొడవు మీటరు ప్రమాణంలో ఉంటుంది కనుక ఇంటి మూలలను చుట్టి వస్తుంది. వెలుగు తరంగాలు మరీ సూక్ష్మం. ఆకుపచ్చ వెలుగు తరంగాలు ఒక్క మిల్లీమీటరులో దాదాపు 2000 ఇముడుతాయి. కనుక మామూలు కిటికీ దగ్గర వెలుగు వంపు కంటికి ఆనదు, సన్నని సందు కావాలి.

లండనులో వైద్యుడైన థామస్ యంగ్ 1801లో మరో అడుగు వేశారు. చెరువులో రెండు రాళ్ళు వేస్తే రెండు వలయాలు వచ్చి కలుస్తాయి. ఒకదాని మిట్ట రెండోదాని మిట్టతో కలిసిన చోట అల పెద్దదవుతుంది, మిట్ట పల్లంతో కలిసిన చోట నీరు కదలక నిలుస్తుంది. వెలుగు కూడా తరంగమైతే, వెలుగుకు వెలుగు తోడై కొన్నిచోట్ల చీకటి రావాలి. 1803లో ఆయన చీకటి గదిలోకి వచ్చే సన్నని ఎండ చారకు, అంగుళంలో 30వ వంతు మందమున్న అట్టముక్కను అంచుగా అడ్డంపెట్టారు. దాని రెండు పక్కల నుంచి వచ్చిన వెలుగులు కలిసి వెలుగు చారలు, చీకటి చారలు వేశాయి. ఒక పక్క వెలుగును ఆపగానే ఆ చారలు మాయమయ్యాయి. దీనినే వ్యతికరణం అంటారు. వాన తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులీనడానికి కారణం ఇదే.

ఇబ్నుల్ హైసమ్ దీపానికి అడ్డం పెడితే ఒక మచ్చ పోయింది. యంగ్ ఒక పక్క అడ్డం పెడితే చీకటి చారలు పోయాయి. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. చెరువులోని వలయాలు ఒకదాన్నొకటి దాటాక తమ దారిన తాము పోయినట్టే, వెలుగు తరంగాలు కూడా కలిసిన చోటు దాటాక యథాతథంగా సాగిపోతాయి. వేర్వేరు దీపాల తరంగాలకు పొందిక కుదరదు కనుక నిలకడైన చారలు కనబడవు. ఒకే ఎండ చార రెండుగా చీలి కలిసినప్పుడు కనబడతాయి. వెయ్యేళ్ళ కిందటి పరిశీలన ఈనాటికీ చెక్కుచెదరలేదన్నమాట.

ఇక్కడ మనం ఒక విషయం నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఇబ్నుల్ హైసమ్ కెమెరాను కనిపెట్టారనీ, కెమెరా అనే మాట అరబ్బీ నుంచే వచ్చిందనీ, కాంతి తరంగమని కూడా ఆయనే చెప్పారనీ ప్రసంగాలలో, కొన్ని వ్యాసాలలో మనం వింటున్నాం, చదువుతున్నాం. రంధ్రం గుండా బొమ్మ పడుతుందన్న సంగతి ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందే చైనాలోనూ గ్రీసులోనూ తెలుసు. కెమెరా అన్నది గది అనే అర్థంగల లాటిను మాట. కాంతి తరంగమని ఆయన ఎక్కడా చెప్పలేదు. రంధ్రం రహస్యాన్ని ప్రయోగంతో, లెక్కతో విప్పి చెప్పడమే ఆయన ఘనత. అది చిన్న ఘనత కాదు. మన పిల్లవాడు బడిలో లేని గొప్పను చెప్పి, మాస్టారు తప్పని తేల్చినప్పుడు, ఉన్న గొప్పను కూడా తోటిపిల్లలు నమ్మరు. నష్టం ఆ మహనీయుడికే కదా!

ఆయన కూడా దీన్ని మెచ్చేవారు కాదనడంలో సందేహం లేదు. టోలెమీ గ్రంథాల్లోని లోపాలను ఎత్తిచూపుతూ ఆయన 'అష్షుకూక్' అనే గ్రంథం రాశారు. సత్యం కోరేవాడు పూర్వపండితుల మీద తనకున్న నమ్మకాన్నే ముందు అనుమానించాలనీ, తన ఆలోచనను కూడా అదే గీటురాయి మీద పెట్టాలనీ అందులో వివరించారు. ఆ గీటురాయి మీద ఆయనవి కూడా కొన్ని నిలవలేదు. ఇంద్రధనుస్సుకు ఆయన చెప్పిన కారణం సరికాదు. సుమారు 1319లో మరణించిన కమాలుద్దీన్ ఫార్సీ, కితాబుల్ మనాజిర్‌కు వ్యాఖ్యానం రాస్తూనే గురువును గౌరవంగా సరిదిద్దారు. నీళ్ళు నింపిన గాజు గోళాన్ని వాన చినుకుగా భావించి, అందులో ఎండ ఎలా వంగి, తిరిగివస్తుందో చూసి అసలు కారణం తెలిపారు. ఇబ్నుల్ హైసమ్ పద్ధతినే ఆయన మీద ప్రయోగించారు. శిష్యుడు చేయగలిగిన సేవ ఇంతకు మించి ఏముంటుంది!

కితాబుల్ మనాజిర్ 1200 ప్రాంతానికి లాటిన్‌లోకి వెళ్ళింది. రోజర్ బేకన్ దాన్ని చదివారు. 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది. 1604లో కెప్లర్, కంటి వెనుక పొర మీద బొమ్మ తలకిందులుగా పడుతుందని నిరూపించి, ఇబ్నుల్ హైసమ్ వదిలిన మరో చిక్కుముడి విప్పారు.

ఆ మహనీయుడు 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరుంది. 2003లో ఇరాక్ వెలువరించిన 10,000 దీనార్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది. 2015ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు ప్రపంచమంతా ఆయన్ని స్మరించుకుంది.

మనం స్మరించుకోవడానికి అంత ఆర్భాటం అక్కరలేదు. ఒక అట్టకు చిన్న రంధ్రం చేసి, చీకటి గదిలో అట్ట అవతల రెండు కొవ్వొత్తులు వెలిగించి, ఇవతల తెల్ల కాగితం పట్టుకోమని పిల్లలకు చెబుదాం. పెద్దలు దగ్గరుండాలి. ఎండతో చేసేటప్పుడు మాత్రం సూర్యుడి వంక నేరుగా చూడనివ్వకూడదు. ఒక కొవ్వొత్తికి చేయి అడ్డం పెడితే ఏ మచ్చ పోతుందో ముందుగా మనం చెప్పకూడదు. వాళ్ళే చూసి మనకు చెప్పాలి.