మూత్రపిండపు లోపలి లోకాన్ని చూచిన మాల్పీగీ

శ్రీహరికోటనుండి రాకెట్టు ఎగసిన దినాన సూళ్ళూరుపేట మేడలమీద నిలిచి ఆకాశంవైపు చూడనివారు అరుదు. 1971 అక్టోబరు 9న అక్కడినుండి మొదటి రోహిణి రాకెట్టు పైకి లేచినది మొదలు, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న ఆ దీవి మన చూపును పైకే మళ్ళిస్తూ వచ్చింది. మేము ఈ వ్యాసంలో పాఠకుల చూపును కొంచెం క్రిందికి, వెన్నెముకకు ఇరుప్రక్కలా ఒదిగియున్న రెండు చిన్న అవయవాలవైపు మళ్ళింపదలచాము. ఈ రెండింటికీ పొత్తు లేదనుకోరాదు. భారరహిత స్థితిలో ఎముకల కాల్షియం కరిగి మూత్రంలో చేరుతుంది గనుక, వ్యోమగాములకు మూత్రపిండాలలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం అధికం. 2018లో ప్రకటించిన గగనయాన్ వంటి ప్రయత్నాలలో వైద్యులు ఈ సంగతిని కూడ లెక్కలోనికి తీసుకొనవలసినదే.

మూత్రపిండాన్ని శాస్త్రగ్రంథాలు వృక్కమంటాయి. ఉర్దూ మిత్రులు గుర్దా అంటారు. సాహసవంతుని గూర్చి దిల్, గుర్దా కలవాడనుట వారి నుడికారం. ఆ గుర్దా లోపలి సూక్ష్మనిర్మాణాన్ని మొట్టమొదట కన్నులారా చూచిన మార్సెల్లో మాల్పీగీకి ఆ మాట చక్కగా చెల్లుతుందని మా అభిప్రాయం.

ఇటలీ దేశంలో బొలోన్యా నగరానికి చేరువనున్న క్రెవల్కోరే గ్రామంలో 1628 మార్చి 10న ఆయన జన్మించాడు. పదునేడేండ్ల ప్రాయంలో బొలోన్యా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1649లో తల్లిదండ్రులిద్దరూ మరణించారు. ఇంటికి జ్యేష్ఠుడు గనుక చదువు ఆపి తమ్ములను, చెల్లెండ్రను చూచుకొనవలసి వచ్చింది. మరల కళాశాలకు తిరిగివచ్చి 1653లో వైద్యపట్టం పొందాడు. ఇంటిభారం మోస్తూ చదువుకొనే విద్యార్థులు మన కళాశాలలోనూ ఉన్నారు. వారికి ఈ నాలుగేండ్ల కథను విడమరచి చెప్పనక్కరలేదు.

1656లో పీసా నగరంలో ఆచార్యుడై, గణితవేత్త బొరెల్లీతో మైత్రి చేశాడు. 1661లో కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ధమనులకూ సిరలకూ నడుమ వెండ్రుకకన్న సన్నని రక్తకేశనాళికలు ఉన్నవని కనుగొన్నాడు. రక్తం కుడిగుండెనుండి ఊపిరితిత్తుల మీదుగా ఎడమగుండెకు చేరునని పదమూడవ శతాబ్దిలోనే కైరోలోని అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ వ్రాసియుంచాడు. రక్తం దేహమంతటా వలయాకారంగా తిరుగునని ఇంగ్లండులో హార్వే 1628లో, అనగా మాల్పీగీ పుట్టిన సంవత్సరంలోనే, ప్రకటించాడు. అయినా ధమని ఎక్కడ ముగిసి సిర ఎక్కడ మొదలగునో ఎవరూ చూడలేదు. ఆ తెగిన దారం కప్ప ఊపిరితిత్తిలో దొరికింది.

ఇక మూత్రపిండం. అంతవరకు అది ఏ అమరికయు లేని మాంసపు ముద్ద అని, రక్తంలోని నీటిని జల్లెడవలె వడియగట్టునని మాత్రమే పండితులు తలచేవారు. 1662లో పీసాలో పందొమ్మిదేండ్ల విద్యార్థి బెల్లీనీ ఆ ముద్దలో సన్నని గొట్టాలు ఉన్నవని చూపాడు. మాల్పీగీ ఒక అడుగు ముందుకు వేశాడు. మద్యసారంలో కలిపిన నల్లని ద్రవాన్ని మూత్రపిండ ధమనిలోనికి ఎక్కించి, అవయవాన్ని చీల్చి కటకం క్రింద ఉంచాడు. వల్కలభాగంలో రక్తనాళాల కొనకొమ్మలనుండి నల్లని గుండ్రని గ్రంథులు కాయలవలె వ్రేలాడుతూ కనబడ్డాయి. 1666లో వెలువడిన అంతరంగావయవ నిర్మాణ గ్రంథంలో వీటిని వర్ణించాడు. ఈ కాయల నడిమి భాగమే మన పాఠ్యపుస్తకాలు చెప్పే రక్తకేశనాళికాగుచ్ఛం. కాయ మొత్తానికి మాల్పీగియన్ దేహమని పేరు.

ఇచ్చట ఆయన నిజాయితీని గమనింపవలెను. ఈ గ్రంథుల నుండియే మూత్రం గొట్టాలలోనికి దిగునని ఆయన ఊహ. నిరూపింపవలెనని పలుమార్లు యత్నించాడు. ఎంత రంగు ఎక్కించినా అది గ్రంథినుండి గొట్టంలోనికి ప్రవహించుట కంటబడలేదు. కనబడలేదనియే వ్రాశాడు. ఆ లంకెను చూపుటకు 176 సంవత్సరాలు పట్టింది. 1842లో లండనులో విలియం బౌమన్ అనే ఇరువదియైదేండ్ల యువకుడు, గొట్టపు కొన ఉబ్బి గిన్నెవలె ఆ గుచ్ఛాన్ని చుట్టుకొని యున్నదని చూపాడు. అదే బౌమన్ గుళిక.

నేడు మనకు తెలిసిన లెక్కలు మాల్పీగీకి తెలియవు. ఒక్కొక్క మూత్రపిండం పిడికిలంత, సుమారు 150 గ్రాములు. అందులో ఇంచుమించు పది లక్షల గుచ్ఛాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో అయిదవ వంతు. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వీటిలో వడియుతుంది. నాళికల గోడకణాలు దానిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు తిరిగి రక్తంలోకి పీల్చుకొనగా, మిగిలిన లీటరున్నర మాత్రమే ద్రోణిలో చేరి, మూత్రనాళం గుండా మూత్రాశయానికి దిగుతుంది. గుచ్ఛం, నాళిక అనే ఈ విభజన కేవలం పరీక్షలకొరకు వల్లించదగినది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎందరినో పొట్టనబెట్టుకొన్న మూత్రపిండవ్యాధి ప్రధానంగా నాళికలను, వాటి చుట్టుప్రక్కల కణజాలాన్ని దెబ్బతీస్తుంది. దాని మూలకారణం ఇంకను తేలలేదు.

మరల కథకు వత్తాము. మాల్పీగీ కుటుంబానికి పొరుగున స్బరాల్యా కుటుంబంతో పొలం సరిహద్దుల తగవు ఉండేది. గట్ల తగాదాలు ఎంతదూరం పోగలవో మన సీమవారికి తెలిసినదే. 1659లో మాల్పీగీ తమ్ముడు ఆ ఇంటివాని నొకనిని చంపాడు. ఆ కుటుంబపువాడే అయిన ఆచార్య స్బరాల్యా 1689లో ఒక గ్రంథం ప్రకటించి, సూక్ష్మదర్శినితో చూచే ఈ కొత్త శరీరశాస్త్రం రోగికి ఎందుకూ కొరగాదని ఆక్షేపించాడు. దానికి ముందే, 1684లో, ఇల్లు తగులబడి మాల్పీగీ సూక్ష్మదర్శినులు, వ్రాతప్రతులు అగ్నిపాలైనాయి. స్వదేశంలో ఇట్లుండగా లండనులోని రాయల్ సొసైటీ 1669లోనే ఆయనను సభ్యునిగా ఎన్నుకొని, పట్టుపురుగును గూర్చిన గ్రంథాన్ని అచ్చు వేయించింది.

1691లో పోప్ పన్నెండవ ఇన్నోసెంట్ తన వైద్యునిగా ఆయనను రోముకు పిలిపించాడు. వెళ్ళుటకు ఆయనకు మనసు లేదు. వయసు మీరింది, వాతం, గుండెదడ, అన్నిటినీ మించి మూత్రపిండాల రాళ్ళు ఆయనను చాలకాలంగా బాధిస్తున్నాయి. 1694లో భార్య ఫ్రాంచెస్కా గతించింది. అదే సంవత్సరం నవంబరు 29న పక్షవాతం మరల రాగా మాల్పీగీ కన్నుమూశాడు.

ఆయన దేహాన్ని శిష్యతుల్యుడైన బల్యీవీ కోసి పరీక్షించాడు. ఎడమ మూత్రపిండం సహజంగానే ఉన్నది. కుడిది దానిలో సగమై కృశించి, దాని ద్రోణి మాత్రం రెండు వ్రేళ్ళు పట్టునంతగా వెడల్పై ఉన్నది. అనంతరం భౌతికకాయాన్ని బొలోన్యాకు తరలించి అచ్చట ఖననం చేశారు.