చలినేలను వరించిన యాత్రికురాలు

ప్రభుత్వోద్యోగికి బదిలీ క్రొత్త కాదు. ఏ యూరికి పొమ్మన్న ఆ యూరికి పోవలసినదే. కాని కొలువు ముగిసిన పిమ్మట స్థిరవాసమునకు ఊరు ఎంచుకొనుట మాత్రము మన చేతిలోని పని. పుదుచ్చేరి ఉక్కకు వేసరినవారిలో కొందరు, చలి గల కొండయూరిలో చిన్న యింట తోటపని చేసికొనుచు, నడకకు పోవుచు శేషజీవితము గడపవలెనని తలపోయుచుందురు. అట్టి కోరికను నెరవేర్చుకొని, అందులకు తగిన మూల్యమును చెల్లించిన ఒక ఫ్రెంచి వనిత ఒకప్పుడు ఈ పురమునకు వచ్చెను. ఆమెయే అలెగ్జాండ్రా డేవిడ్ నేల్.

ఆమె 1868 అక్టోబరు 24వ తేదీన పారిస్ సమీపమునందలి సాన్ మాందేలో జన్మించెను. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి బెల్జియము దేశస్థురాలు. బాల్యము బెల్జియములో గడచెను. పిన్ననాటి నుండియు ఆమెకు ఇల్లు విడిచి దూరదేశములు చూడవలెనను తహతహ మెండు. యౌవనమున బౌద్ధ గ్రంథములు చదివెను, సంస్కృతము నేర్చెను, కొంతకాలము సంగీత నాటకములలో గాయనిగా జీవించి, హనోయి నగర రంగస్థలముపై పాడెను. 1904లో ట్యునీసు నగరమున ఫిలిప్ నేల్ అను రైల్వే ఇంజనీరును వివాహమాడెను. సముద్రతీరమున చక్కని యిల్లు, ఆదరించు భర్త, ఏ కొరతయు లేని సంసారము. అయినను ఆమె మనస్సు అచ్చట నిలువలేదు.

1911 ఆగస్టులో, పదునెనిమిది మాసములలో మరలి వత్తునని భర్తకు చెప్పి ఆమె ఓడ యెక్కెను. సింహళము మీదుగా దక్షిణ భారతమునకు వచ్చి, నవంబరు మాసమున పుదుచ్చేరి చేరెను. శ్రీ అరవిందులు అప్పటికి ఏడాదిన్నర ముందే ఈ ఫ్రెంచి పురమున ఆశ్రయము పొందియుండిరి. ఆమె వారిని దర్శించి తత్త్వచర్చ గావించెను. వారిపై సదా నిఘా వేసియుండిన ఆంగ్ల ప్రభుత్వమువారు, ఆమె మద్రాసు చేరగానే ఆ దర్శనమును గూర్చి ప్రశ్నించిరి. ఆమె బెదరలేదు. అయినను ఆమెను పిలుచుచుండినది ఉత్తరదిశ. 1912లో సిక్కిము చేరి, హిమాలయములను కన్నులార చూచిన తరువాత, తన చోటు ఇదియేయని ఆమెకు తోచెను.

లాచెన్ గ్రామమునకు ఎగువన, సుమారు 4,000 మీటర్ల ఎత్తున, ఒక యోగి చెంత ఆమె శిష్యరికము చేసెను. 1914 నుండి 1916 వరకు ఆమె నివాసము ఒక గుహ. శీతకాలమున మంచు దారిని మూసివేయును. అందుచేత తిండిగింజలు ముందుగనే చేర్చుకొనవలెను. చలికి ఓర్చుటకై శరీరమున వేడి పుట్టించు యోగాభ్యాసమును నేర్చినట్లు ఆమె తన గ్రంథములలో తెలిపెను. యోంగ్‌డెన్ అను సిక్కిము బాలుడు పదునైదేండ్ల ప్రాయమున ఆమె పరిచర్యకు వచ్చి, తరువాత దత్తపుత్రుడయ్యెను. కాని తాను ఎంచుకొన్న చోట నివసించుటకు ఆమెకు అనుమతి నిలువలేదు. అనుజ్ఞ లేక టిబెట్టు సరిహద్దు దాటి షిగాట్సేకు వెళ్లినందులకు ఆంగ్లేయులు ఆమెను సిక్కిము నుండి వెడలగొట్టిరి.

పిమ్మట జపాను, కొరియా, చైనాలు తిరిగి, కుంబుమ్ బౌద్ధ విహారమున ఏండ్ల తరబడి చదువు సాగించెను. ఏబదియైదేండ్ల వయస్సులో, ముఖమునకు మసి పూసికొని, బిచ్చమెత్తు యాత్రికురాలి వేషమున యోంగ్‌డెన్‌తో కాలినడకను మంచుకనుమలు దాటి, 1924లో లాసా ప్రవేశించెను. రెండు మాసములు అచ్చట నుండెను. 1925లో ఫ్రాన్సు చేరునప్పటికి పదునెనిమిది మాసముల గడువు పదునాలుగేండ్లయినది. భర్త ఆమెకు ధనము పంపుచు, ఆమె లేఖలను భద్రపరచుచు ఇంతకాలము వేచియుండెను. కాని వారి కాపురము మరల నిలువలేదు. లేఖల స్నేహము మాత్రము కడవరకు నిలిచెను.

ఇప్పుడు ఎచ్చట నివసించుట? సిక్కిము తలుపు మూసికొనినది. లాసాలో మారువేషముననే తప్ప ఉండరాదు. మహానగరపు సందడి ఆమెకు సరిపడదు. కొంతకాలము తూలోన్ పట్టణపు కొండలపై అద్దె యింట నుండి, ఎండయు కొండయు రెండును గల చోటును, ఇరుగుపొరుగు దట్టముగా లేని యింటిని వెదకెను. 1928లో మార్సేయి సంస్థ యొకటి ఆల్ప్స్ పర్వతపాదమున గల దీన్య అను చిన్న పట్టణములో ఒక యింటిని సూచించెను. ఎండ కోరి వెళ్లిన ఆమెకు ఆనాడు గాలివాన ఎదురయ్యెను. అయినను చోటు నచ్చి కొనివేసెను. మంచి దినమున చూచి మురియుటకన్న చెడ్డ దినమున చూచి మెచ్చుట స్థిరవాసమునకు నమ్మకమైన పరీక్ష గదా!

దీన్య ఎత్తు సుమారు 600 మీటర్లు మాత్రమే. లాచెన్ గుహతో పోల్చిన అది పల్లమే. కాని అచ్చట నడచుటకు కొండదారులు, వ్రాతకు ఏకాంతము, ప్రచురణకర్తలతో ఉత్తర ప్రత్యుత్తరములకు వీలు ఉండెను. ఆ యింటికి సామ్‌టెన్ జోంగ్, అనగా ధ్యానదుర్గము, అని పేరిడి క్రమముగా విస్తరింపజేసెను. తన గ్రంథములు పెక్కింటిని అచ్చటనే రచించెను. 1937లో మరల చైనా పయనమై, యుద్ధకాలమంతయు అచ్చటి సరిహద్దు కొండలలో చిక్కుకొనెను. 1941లో భర్త మరణవార్త ఆ దూరదేశముననే చెవినిబడెను. 1946లో మరలి వచ్చినది దీన్యకే. ఎనుబదియేండ్లు దాటిన పిమ్మటను కొండలపై అల్లోస్ సరస్సు చెంత గుడారము వేసికొని బస చేసెను. 1955లో యోంగ్‌డెన్ కన్నుమూసెను. ఆ హిమాలయపుత్రుడు పరాయి కొండల నీడన ముప్పదియేండ్లు ఆమెకు తోడై నిలిచెను. ఆ యూరు ఎంచుకొన్నది ఆమె, విడిచివచ్చిన సొంతగడ్డ అతనిది.

కీళ్లనొప్పులతో నడక కుంటుపడినను, నూరేండ్లు నిండిన వేళ ఆమె పాస్‌పోర్టును పునరుద్ధరింపజేసికొనెను! 1969 సెప్టెంబరు 8వ తేదీన దీన్యలో పరమపదించెను. ఇరువురి చితాభస్మమును 1973లో కాశీయందు గంగలో కలిపిరి. ఆ యిల్లు నేడు ప్రదర్శనశాల.

చల్లని యూరు కోరుకొనువారు ఆమె జీవితము నుండి గ్రహింపదగినది ఒకటున్నది. శిఖరమంత ఎత్తు గల చోటు యాత్రకు తగును. తన పని సాగు చోటు నివాసమునకు తగును. ఆ చోటికి మనతో వచ్చువారెవరు, వెనుక నిలిచిపోవువారెవరు అను లెక్కను ముందుగనే చూచుకొనుట ఉచితము.