శ్రేష్ఠిపుత్రుడు విక్రం సారాభాయి

మన జైన సమాజమున పుట్టి, భారతదేశమునకు అంతరిక్ష మార్గమును తెరచిన మహనీయుడు డాక్టరు విక్రం సారాభాయి. వీరు 1919 ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదులో జన్మించిరి. తండ్రి అంబాలాల్ గారు కాలికో మిల్లుల అధిపతి. తల్లి సరళాదేవి. మేనత్త అనసూయాబెన్ 1918 నాటి సమ్మెలో మిల్లు కార్మికుల పక్షమున నిలిచి, తమ్ముడైన అంబాలాల్ గారినే ఎదిరించిరి. కలిమి ఎవరి కొరకు అను ప్రశ్న ఆ యింట ముందునుండియు ఉన్నదే.

విక్రం గారు కేంబ్రిడ్జిలో చదువుచుండగా యుద్ధము వచ్చెను. స్వదేశమునకు తిరిగివచ్చి, బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటులో సర్ సి.వి. రామన్ గారి వద్ద విశ్వకిరణములపై పరిశోధన సాగించిరి. 1947లో కేంబ్రిడ్జి డాక్టరేటు పొంది, ఆ ఏడే అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించిరి. అటుపై కుటుంబ వ్యాపారమును, పరిశోధనను రెంటిని నడిపిరి.

1961 ఏప్రిల్ 12న రష్యా వ్యోమగామి యూరి గగారిన్ అంతరిక్షమున భూమిని చుట్టివచ్చెను. మరుసటి ఏడు మన దేశమున అంతరిక్ష పరిశోధన సంఘము సారాభాయి గారి అధ్యక్షతన ఏర్పడెను. భూ అయస్కాంత మధ్యరేఖకు చేరువగా, కేరళలోని తుంబా అను జాలరి పల్లెను వారు ఎంచుకొనిరి. అచ్చటి క్రైస్తవులు తమ చర్చినే విడిచి ఇచ్చిరి. 1963 నవంబరు 21న తుంబా నుండి తొలి రాకెట్టు ఎగిరెను.

పేద దేశమునకు ఈ వ్యయమెందుకని అడిగినవారు కలరు. చంద్రయాత్రలోను, మానవులను నింగికి పంపుటలోను ధనిక దేశములతో పోటీపడుట మన పని కాదనియు, ఈ విద్యను ప్రజల అక్కరలకు వినియోగించుటలో మాత్రము ఎవరికిని తీసిపోరాదనియు వారి నిశ్చయము. పెట్టిన రూపాయికి ఫలము పల్లెకు చేరవలెనన్న వర్తకుని లెక్క ఇందు కానవచ్చును. 1969లో అమెరికాతో కుదిరిన ఒప్పందము ప్రకారము, 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలకు టెలివిజను పాఠములు అందెను. మన బళ్లారికి ఇరుగుపొరుగైన కర్నూలు, రాయచూరు జిల్లాల పల్లెలును అందులో ఉండెను.

ఆ దినమును చూచుటకు వారు లేరు. తూర్పు సముద్రతీరమున వారి హయాములో ఎంపికయిన శ్రీహరికోట నుండి తొలి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరెను. తుంబా పనులమీద వెళ్లి, ఆ డిసెంబరు 30న కోవళమున నిద్రలోనే కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 52 ఏండ్లే.

1984లో రాకేశ్ శర్మ రష్యా నౌకలో నింగికెగసిరి. 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువము చెంత దిగిన మన యంత్రము పేరు విక్రం.

మన పెద్దలు చెప్పిన దానములలో జ్ఞానదానమొకటి. గద్దె మీద కూర్చుండవలసిన కుమారుడు శాస్త్రము చదివెదనన్నచో, ఇల్లు నష్టపోయెనని తలపరాదు. అంబాలాల్ గారు అట్లు తలచియున్నచో, దేశమే నష్టపోయెడిది.