నేర్పేవాళ్ళు లేని విద్య – ఇగోర్ సికోర్‌స్కీ



వరదలొచ్చినప్పుడు నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళను తాడుతో పైకి లాగే హెలికాప్టర్‌ను మనమందరం టీవీలోనైనా చూసి ఉంటాం. అది గాలిలో ఒకేచోట నిలబడాలంటే పైలట్ చేతులే కాదు, పాదాలు కూడా పనిచేయాలి. నేర్పే గురువు లేని రోజుల్లో ఆ విద్యను తనకు తానే నేర్చుకున్న ఇగోర్ సికోర్‌స్కీ జీవితం మనకెంతో ఆదర్శం.

ఆయన 1889 మే 25న, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని కీవ్ నగరంలో జన్మించారు. తండ్రి ప్రొఫెసర్. లియొనార్డో డావిన్సీ ఊహించిన ఎగిరే యంత్రాల గురించి తల్లి చెప్పిన కథలు ఆ పిల్లవాడి మనసులో నాటుకున్నాయి. పన్నెండేళ్ళకే రబ్బరు బ్యాండుతో ఎగిరే చిన్న బొమ్మ హెలికాప్టర్ తయారుచేశారు.

1909లో పారిస్ నుంచి ఇంజన్ తెచ్చి అసలు హెలికాప్టర్ నిర్మించారు. అది నేల వదలలేదు. 1910లో చేసిన రెండోది తన బరువును తాను ఎత్తుకోగలిగింది గానీ మనిషిని మోయలేకపోయింది. ఆ కలను పక్కనపెట్టి విమానాల వైపు మళ్ళారు. 1913లో నాలుగు ఇంజన్ల విమానం నడిపి పేరు తెచ్చుకున్నారు. రష్యా విప్లవం తర్వాత అన్నీ వదిలి 1919లో అమెరికా చేరారు. అక్కడ తోటి వలసదారులకు లెక్కలు చెప్పి పొట్టపోసుకున్నారు. 1923లో లాంగ్ ఐలాండ్‌లోని ఒక కోళ్ళఫారంలో విమానాల కంపెనీ మొదలుపెట్టారు.

విమానాలతో నిలదొక్కుకున్నాక పాత కల మళ్ళీ తలుపు తట్టింది. అయితే ఒక చిక్కుంది. సీలింగ్ ఫ్యాన్‌ను తాడుకు వేలాడదీసి తిప్పితే రెక్కలు ఒకవైపు, మోటారు మరోవైపు తిరుగుతాయి. హెలికాప్టర్ కూడా అంతే. పైన రెక్కలు తిరిగితే కింద శరీరం ఎదురు తిరుగుతుంది. దీనికి విరుగుడుగా సికోర్‌స్కీ తోక చివర ఒక చిన్న పంకా పెట్టారు. దాని బలాన్ని పెంచడం, తగ్గించడం పైలట్ పాదాల కింది పెడల్స్ పని.

1939 సెప్టెంబర్ 14న, యాభై ఏళ్ళ వయసులో, వీఎస్-300 అనే ఆ యంత్రంలో ఆయనే కూర్చున్నారు. ఎగిరిపోకుండా తాళ్ళతో నేలకు కట్టించారు. కొద్ది క్షణాలు, కొద్ది అంగుళాలు లేచి దిగారు. అలా ఎన్నోసార్లు చేశారు. ఆ ఏడాది చివర గాలి తాకిడికి యంత్రం బోర్లాపడి దెబ్బతింది. మళ్ళీ కట్టారు. 1940 మే 13న తాళ్ళు లేకుండా ఎగిరారు. 1941 మే 6న గంటా 32 నిమిషాలకు పైగా గాలిలో నిలిచి ప్రపంచ రికార్డు సాధించారు.

ఇప్పుడు సిమ్యులేటర్‌లో నేర్చుకునేవాళ్ళు కూడా మొదట తడబడేది ఈ పెడల్స్ దగ్గరే. రెండూ కలిసి పనిచేస్తాయి. ఒకటి ముందుకు పోతే రెండోది వెనక్కి వస్తుంది. ఎడమది నొక్కితే ముక్కు ఎడమకు తిరుగుతుంది. అమెరికా రకం హెలికాప్టర్లలో పైకి లేవడానికి ఎడమచేతి లివర్ ఎత్తగానే ముక్కు కుడికి జారుతుంది. జారాక కంగారుగా తొక్కితే అటునుంచి ఇటు ఊగిపోతుంది. అందుకే చెయ్యి లేస్తున్నప్పుడే ఎడమపాదం మెల్లగా ఒత్తాలి. మడమలు నేలకు ఆనించి, చూపు దగ్గర నేల మీద కాక దూరంగా నిలపాలి. మన దేశంలో తయారైన చేతక్ ఫ్రెంచి రకం. దాని రెక్కలు ఎదురుదిశలో తిరుగుతాయి కనుక అందులో కుడిపాదం ఒత్తాలి. బలంగా తొక్కడం కాదు, వేళకు ఒత్తడమే ఈ విద్యలోని కిటుకు.

ఆయన కష్టం వృథా కాలేదు. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవుల్లో చిక్కుకున్న నలుగురిని సికోర్‌స్కీ తయారుచేసిన ఆర్-4 హెలికాప్టర్ ఒక్కొక్కరిగా బయటకు తెచ్చింది. 1972 అక్టోబర్ 26న ఆయన కన్నుమూశారు.

మిత్రులారా, సికోర్‌స్కీ మనలా పేదింట పుట్టలేదు. కానీ దారి చూపేవాళ్ళు లేకపోవడం ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. ఏ కోర్సులో చేరాలి, కౌన్సెలింగ్‌కు ఏయే కాగితాలు పట్టుకెళ్ళాలి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి అని అడగడానికి మనలో చాలామందికి ఇంట్లో ఎవరూ లేరు. తాళ్ళు కట్టుకుని అంగుళాల్లో ఎగరడం సిగ్గుపడాల్సిన పని కాదని తమ్ముళ్ళు గుర్తుంచుకోవాలి. సిమ్యులేటర్‌లో పడిపోతే ఎవరికీ దెబ్బ తగలదు. బయటి లోకంలో పడితే మాత్రం ఒక సంవత్సరం, ఒక సీటు, ఒక్కోసారి చదువే పోతుంది. కాబట్టి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు ఏడాదికి రెండు ఆదివారాలైనా హాస్టల్‌కు వచ్చి, పిల్లల చేత దరఖాస్తులు నింపించి, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయించాలని నా మనవి. సికోర్‌స్కీకి దొరకని సిమ్యులేటర్ మన తమ్ముళ్ళకు మనమే కావాలి.