నాలుగు గోడల మధ్య నెహ్రూ

నవంబరు 14 వస్తే మన పిల్లలకు కోటుకు గులాబీ పెట్టుకున్న చాచా నెహ్రూ గుర్తొస్తారు. నాకు మాత్రం ఖైదీ నెహ్రూ మీదే ఎక్కువ ఆసక్తి. జుఫైర్‌లో నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయి, ఉంటున్న బిల్డింగ్‌లోనే జిమ్ ఉన్నా తీరిక లేదంటాం. ఆయన జైల్లో ఉండి కూడా ఒళ్లు కాపాడుకున్నారు.

1889లో అలహాబాద్‌లో పుట్టి, హారో, కేంబ్రిడ్జిలలో చదివిన జవహర్‌లాల్ స్వాతంత్ర్యోద్యమంలో తొమ్మిదిసార్లు జైలుకెళ్లారు. అన్నీ కలిపితే 3,259 రోజులు. అంటే దాదాపు తొమ్మిదేళ్లు.

1921 డిసెంబరులో మొదటిసారి, తండ్రి మోతీలాల్‌తో పాటు అరెస్టయ్యారు. లక్నో జైలు రోజుల్లో గోడ వెంట గంటల తరబడి నడిచేవారు. మన ఊళ్లలో ఎద్దులతో తోలే కపిలబాన లాంటి పెద్ద తోలు బానను ఇద్దరేసి కలిసి బావిలోంచి లాగేవారు. ఆ నీళ్లతో కూరగాయలు పండించారు. ఒంటికి పని, మనసుకు ఊరట!

1930లో నైనీ జైలు. చుట్టూ 15 అడుగుల ఎత్తున గుండ్రటి గోడ, ఈ చివర నుంచి ఆ చివరకు 100 అడుగులే. ఖైదీలు దాన్ని కుక్కల కొట్టం అని పిలిచేవారు. తర్వాత డెహ్రాడూన్‌ జైల్లో గేటు బయట కాసేపు నడవనిస్తే, కొండలు చూస్తూ నడవడమే పండుగ. శీర్షాసనం ఆయనకు ఇష్టమైన ఆసనం. ప్రధాని అయ్యాక కూడా వదల్లేదు.

1942 ఆగస్టు నుంచి అహ్మద్‌నగర్ కోటలో ఉన్నారు. మన మచిలీపట్నం డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారూ అక్కడే బందీ. రాళ్లూ రప్పలూ నిండిన నేలను నెహ్రూ మండుటెండలో తవ్వి పూలమొక్కలు వేశారు. 1944లో 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' రాసిందీ అక్కడే. 1945 జూన్‌లో విడుదలయ్యారు. రెండేళ్లకు దేశానికి తొలి ప్రధాని. 1964 మే 27న కన్నుమూసేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. రాజకీయ ఖైదీగా ఆయనకు కొన్ని వెసులుబాట్లు ఉండేవి. మామూలు ఖైదీకి చాకిరీయే తప్ప ఆటపాటలు ఎక్కడివి? ఖైదీని మనిషిగా చూడని ఆనాటి జైళ్లను ఆయన తన ఆత్మకథలో గట్టిగానే తప్పుపట్టారు.

తర్వాతి కాలంలో రాబెన్ దీవిలో మండేలా తన గదిలోనే నిలబడిన చోట పరుగు తీసేవారు. ఆ దీవి ఖైదీలు పోరాడి మరీ ఫుట్‌బాల్ లీగ్ నడుపుకున్నారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల ప్రకారం, ఆరుబయట పని లేని ప్రతి ఖైదీకీ వాతావరణం అనుకూలిస్తే రోజూ కనీసం ఒక గంట ఆరుబయట వ్యాయామం ఉండాలి.

ఆ గంట విలాసం కాదు. శిక్ష పడేది స్వేచ్ఛకే కానీ ఆరోగ్యానికి కాదు. లోపలున్న వాళ్లలో చాలామంది ఏదో ఒకరోజు ఇంటికి రావాల్సినవాళ్లే. వచ్చేటప్పుడు మంచం పట్టి రాకూడదు, తమ కాళ్ల మీద తాము నడిచి రావాలి. ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లికి, భార్యకు, పిల్లలకు అంతకంటే కావలసింది ఏముంటుంది?