మట్టిలోంచి మందు తీసిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావు

డి.ఎ.పి. బస్తా మీద భాస్వరం శాతం చూసి కొనే రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. ఆ భాస్వరాన్నే మనిషి మూత్రంలోనూ నెత్తురులోనూ కొలిచే పద్ధతి కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు తెలుగువారని నంద్యాలకొచ్చి బి.యస్సీ.లో చేరాక తెలిసింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు మీద ధ్యాస లేక, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెనక్కి రప్పించింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.యస్. బదులు ఎల్.ఎం.యస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. ఆ దుఃఖమే ఆయన్ని పరిశోధన వైపు నడిపించిందంటే అతిశయోక్తి కాదు.

1920ల మొదట్లో భార్యను ఇక్కడే వదిలి మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. పొట్టకూటికి బోస్టన్‌లో ఒక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. పగలు హార్వర్డ్‌లో చదువు. 1925లో ఫిస్క్ గారితో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేట్ కలిపితే వచ్చే నీలిరంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. చూడ్డానికి ఇంతే! కానీ మూత్రపిండాలు ఏం చేస్తున్నాయో తెలుసుకోవడానికి అదొక కిటికీ అయ్యింది. మన రెండు మూత్రపిండాలూ రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో ఒకటిన్నర లీటరు మాత్రమే బయటికి పంపుతాయి.

1940లో ఆయన లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధనలకు సారథ్యం వహించారు. అక్కడివారు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్ 1947లో వచ్చింది. ఆ జబ్బు ముదిరితే కొందరికి మూత్రం పాలలా తెల్లగా పోతుంది. ఆయన నాయకత్వంలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు, మిస్సోరీలో గడ్డి పెరిగే ఒక మడిలోని మట్టి నుంచి బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాన్నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. అది 1948లో లోకానికి అందింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది.

మూత్రంలో మంటకు ఎక్కువసార్లు కారణం మన పేగుల్లోనే కాపురముండే ఇ.కోలై. పేగులో ఉన్నంతసేపూ దాంతో పేచీ లేదు, దారి తప్పి మూత్రాశయంలోకి చేరితేనే తంటా. పెన్సిలిన్‌కు సరిగ్గా లొంగని అలాంటి వాటిని కూడా ఆరియోమైసిన్ ఆనాడు లొంగదీసింది.

ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. భార్య శేషగిరి గారు ఆయన్ని తిరిగి చూడనేలేదు. మనం మందుల పేర్లు తలుచుకుంటాం, ఈమె పేరు ఎవరు తలుస్తారు?

ఆయన పోయిన తర్వాత కథ కూడా చెప్పాలి. మూత్రాశయంలో సూక్ష్మజీవులే ఉండవనుకునేవాళ్ళు. ఆరోగ్యవంతుల్లో కూడా కొన్ని ఉంటాయని ఈ శతాబ్దంలో తేలింది. ఇక ఇ.కోలైలో చాలావాటి మీద టెట్రాసైక్లిన్ నేడు పనిచెయ్యదు. అవసరం లేకపోయినా వాడీ, రెండు మాత్రలకే మంట తగ్గిందని మిగతావి అటక మీద పెట్టీ, మనమే వాటికి తర్ఫీదు ఇచ్చాం.

మా వైపు పత్తి చేలల్లో ఆడవాళ్ళు, చాటు దొరకదని పొద్దుగూకేదాకా నీళ్ళు తాగరు, మూత్రం ఆపుకుంటారు. జబ్బొస్తే సిగ్గుపడి చెప్పరు. రోగుల పాత్రలు కడగడానికి సిగ్గుపడని మనిషి పేరు చెప్పుకునే మనం, ఈ మాట ఇంట్లో మాట్లాడ్డానికి సిగ్గుపడాలా? మిత్రులారా, సెలవులకు ఊరెళ్ళినప్పుడు అమ్మకు, అక్కకు, పిన్నమ్మకు చెబుదాం. నీళ్ళు తాగమందాం, డాక్టరుకు చూపించి, రాసిచ్చిన మందు రాసిచ్చినన్ని రోజులూ మింగమందాం. సుబ్బారావు గారికి మనమిచ్చే నివాళి అదే.