మాదిగ కక్కయ్య

శ్రీమహావిష్ణువు వీరభోగ వసంతరాయలుగా అవతరించునని చాటిన శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు కడప సీమలోని కందిమల్లాయపల్లెలో నివసించిన కాలమున, కక్కయ్య అచటి మాదిగవాడలో నుండెను. తోళ్లను పదును చేయుట వాని కులవృత్తి.

పచ్చితోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు ఊడిన పిమ్మట మాంసపు పొరను కత్తితో గీచి కడిగి, తంగేడుచెక్క నానిన నీటితో నిండిన లందలో దినములకొలది ఉంచుదురు. చెక్కయందలి వగరు తోలున కెక్కినచో అది కుళ్లదు. కరక్కాయయు ఇట్టిదే, విశాఖ మన్యమున గిరిజనులు ఏరితెచ్చు కరక్కాయకు విలువ తెచ్చినది ఔషధగుణ మొక్కటియే కాదు, ఈ వగరు కూడ. కపిలబావికి తోలుబాన, రైతు కాలికి చెప్పులు ఆ లందనుండి వచ్చినవే. దాని వాసనకు మాత్రము ఊరు మొగము త్రిప్పుకొన్నది.

ఒకనాడు స్వామివారు సిద్ధయ్యకు దేహమందలి షట్చక్రములను, వాని అధిదేవతలను గూర్చి బోధించుచుండగా కక్కయ్య ఆలకించెనట. నిత్యము చర్మము విప్పి చూచు చేతులవాడు. విన్నమాటను ఉన్నదున్నట్లు నమ్మెను. ఇంటికేగి భార్య దేహమును చీల్చి వెదకెను. రక్తమాంసములే గాని దేవతలు కానరాలేదు. శోకమును కోపమును పెనగొనగా స్వామివారిని నిందించుటకు పరుగెత్తెను.

స్వామివారు శపింపలేదు. ఆమెను బ్రతికించి, కక్కయ్యను శిష్యునిగా స్వీకరించిరని కథ. ఆ ఇల్లాలి మనసెట్టిదో కథకులు అంతగా తడవలేదు, అది వెలితియే.

దూదేకుల సిద్ధయ్యయు, లందపని యెరిగిన కక్కయ్యయు ఒకే గురువు చెంత కూర్చుండిరి. ఆ గురువు 1693లో సజీవసమాధి నొందిరని మఠసంప్రదాయము.